పేగువాపు పరిశోధనలో కొత్తగూడెం బిడ్డ

కణాల్లో వాపును రగిలించే ప్రోటీన్ల సముదాయం ఇన్‌ఫ్లమసోమ్ అనగానే పోటీ పరీక్షల అభ్యర్థికి తట్టాల్సిన పేరు కన్నెగంటి తిరుమలాదేవి. కొత్తగూడెంలో పెరిగి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, 2007లో అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్న సెయింట్ జూడ్ ఆసుపత్రిలో చేరారు. మొదట చదివింది మొక్కల తెగుళ్లను!

సూక్ష్మజీవుల జాడనూ, కణానికి కలిగిన హానినీ పసిగట్టి ఇన్‌ఫ్లమసోమ్‌ను ఏర్పరిచే ప్రోటీన్ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. ఇది అతిగా పనిచేస్తే వాపు జబ్బులు వస్తాయి. అసలే లేకపోతే మంచిదనుకోవద్దు, తికమక ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ జన్యువు లేని ఎలుకల్లో పేగు లోపొర దెబ్బతిని కొలైటిస్ (పెద్దపేగు వాపు) ఇంకా ముదిరిందని ఆమె బృందం 2010లో చూపింది.

పేగువాపు జబ్బుల్లో ఒకటైన క్రోన్స్ వ్యాధికి 1998లో అమెరికా అనుమతించిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు అడ్డుకునేది మాత్రం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ని కాదు, వాపును పెంచే టీఎన్‌ఎఫ్ ప్రోటీన్‌ను. ఇదే రోగనిరోధక రంగంలో, శరీరంపై స్వీయ రోగనిరోధక దాడిని ఆపే రెగ్యులేటరీ టీ కణాల పరిశోధనకు బ్రంకో, రామ్స్‌డెల్, సకాగుచిలకు 2025 వైద్య నోబెల్ దక్కింది.