కార్టూన్ చూస్తే నత్తి వస్తుందా?

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పోర్కీ పిగ్ కార్టూన్ చూసి మా ఐదేళ్ల బాబు నత్తిగా మాట్లాడుతున్నాడు. టీవీ కట్టేయమంటారా?

జవాబు: చూసినందుకు నత్తి రాదమ్మా, కట్టేస్తే పోదు. రెండు భాషల వల్లా రాదు. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలై, చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గిపోతుంది.

పోర్కీ 1935లో తెరమీదికి వచ్చాడు. మొదట గొంతు ఇచ్చిన జో డోహర్టీకి నిజంగానే నత్తి. డైలాగు ఎప్పటికి పూర్తవుతుందో తెలియక రికార్డింగు ఖర్చు పెరిగింది. 1937లో ఆయన బదులు మెల్ బ్లాంక్‌ని పెట్టుకున్నారు. నత్తి ఉన్న మనిషిని పంపేసి, నత్తిని మాత్రం నవ్వించడానికి ఉంచుకున్నారన్నమాట! ఒక మాట దగ్గర తట్టుకుని పోర్కీ ఇంకో మాటకి మారిపోతాడు చూశారా, నత్తి ఉన్నవాళ్లు నిజంగా చేసే పనే అది. గొంతు పట్టేసి శబ్దమే రాని ఆ ఇబ్బంది మాత్రం అందులో తెలియదు.

బాబు సరదాకి అనుకరిస్తుంటే వాడే మానేస్తాడు. "అ-అ-అమ్మా" అంటూ కళ్లు బిగించి మూస్తున్నా, చెప్పబోయింది మింగేస్తున్నా, ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా జిల్లా ఆసుపత్రికి వెళ్లి స్పీచ్ థెరపిస్టు ఎక్కడ దొరుకుతారో అడగండి. ఈలోగా 'మెల్లగా చెప్పు' అనకండి, వాడి మాట మీరు అందుకుని పూర్తిచేయకండి.