మామిడి కాండమును దొలుచు పొడవు మీసముల పెంకుపురుగు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వర్షము నిలుకడగా కురియదు. ఇట్టిచోట మామిడిచెట్టును పెంచి కాపునకు దెచ్చుట పెక్కేండ్ల శ్రమ. అట్టి చెట్టు కొమ్మ వెంబడి కొమ్మ యెండి మోడగుచుండగా, నీరు చాలలేదని రైతు తలచును. పలుమారులు కారణము కాండములోపలనే దాగియుండును.

ఈ శత్రువును శాస్త్రజ్ఞులు బెటోసెరా రూఫోమాక్యులేటా యందురు. పెంకుపురుగు 3 మొదలు 5 సెంటీమీటర్ల పొడవు, బూడిదవన్నె కలది. వీపు ముందుభాగమున రెండు నారింజవన్నె మచ్చలుండును. మీసములు మిక్కిలి పొడవు. ఇది రాత్రులందు తిరుగును గనుక, తోటలోనే బ్రదుకు గడపిన రైతు సైతము దీనిని చూచుట అరుదు.

వానకాలమున చెట్టునుండి వెలువడిన ఆడపురుగు బెరడును గాటుపెట్టి, ఒక్కొక్క గాటున నొక్కొక్క గ్రుడ్డు నుంచును. ఒకటి రెండు వారములలో పిల్లపురుగు పుట్టి, తొలుత బెరడుక్రింద తిని, పిదప కొయ్యలోనికి దొలుచుకొనిపోవును. బెరడుక్రింది ఆహారమార్గములు తెగుటచే కొమ్మ యెండును. నెలలకొలది లోపలనే పెరిగి చేతివ్రేలంతయై, అచ్చటనే కోశస్థదశ గడపి, మరల వానకాలమునకు పెంకుపురుగై బయటపడును. సాధారణముగా ఏడాదికొక తరము.

పురుగు కానరాకున్నను దాని గురుతులు కానవచ్చును. కాండముపై రంధ్రములు, వానినుండి రాలు రంపపుపొట్టువంటి పొడి, కారు జిగురు, అకాలమున రాలు ఆకులు: ఇవి చూచినంతనే ఉపేక్షింపరాదు.

రంధ్రమును శుభ్రపరచి, కొక్కెమువలె వంచిన తీగెను లోనికి పోనిచ్చి పురుగును లాగి చంపవలెను. అందకున్నచో కిరసనాయిలులో తడిపిన దూదిని దూర్చి, తడిమట్టితో మూయవలెను. కొన్నాళ్లకు మరల చూడవలెను. క్రొత్తపొడి రాలినచో పురుగు బ్రదికియున్నదని యెరుగవలెను. పూర్వము వాడిన డైక్లోరోవాస్ మందు మనదేశమున 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధము, దానిని వాడరాదు. ఎండిన కొమ్మలను వానకాలమునకు ముందే కోసి కాల్చవలెను.

అత్తి, పనస, బూరుగు చెట్లయందును ఈ పురుగు పెరుగును. కావున ఒక్కరు తోటను కాపాడుకొని, ప్రక్కతోట పాడుపడియున్నచో ప్రయోజనము స్వల్పము. దీని జాతికి బంధువగు మరియొక పురుగు చీనాదేశమునుండి వచ్చి 1996లో న్యూయార్కునందు బయల్పడగా, అమెరికాలో మేపుల్, విల్లో మొదలగు చెట్లను వేలకొలది నరుకవలసివచ్చెను. ఆలస్యమైనచో మిగులునది గొడ్డలియే. కనుక సంఘసభ్యులు తొలకరికి ముందొకసారి, వానలు వెనుదీసిన పిదప నొకసారి, ఒండొరుల తోటలను కలసి పరీక్షించుకొనుట మేలు.