ఇంటిలోని పిల్లికూనలు

గోదావరి డెల్టాలో ధాన్యము లేని యిల్లు అరుదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు పాఱిన మేరకెల్ల వరిసాగు విస్తరించెను. ధాన్యమున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు చేరుట సహజము. ఈ చెలిమి నిన్నమొన్నటిది కాదు. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధి యొకటి త్రవ్వకములలో బయటపడినది. అందు మనుష్యుని అస్థిపంజరమునకు చేరువనే పిల్లి అస్థిపంజరమును కానవచ్చెనని 2004లో పండితులు ప్రకటించిరి.

కోనసీమ పెంకుటిండ్లలో అటకయు, కొబ్బరికాయల కొట్టును పిల్లికి పురిటిగదులు. రెండునెలలకు పైగా గర్భము మోసి, పాత గోనెసంచుల నడుమ అది మూడో నాలుగో కూనలను పెట్టును. సన్నని అఱపు వినబడగనే ఇంటిలో రెండు పక్షములేర్పడును. పిల్లలు నిచ్చెన కొఱకు పరుగెత్తుదురు. మామ్మ పాలగిన్నెను, ఉయ్యాలలోని పసిబిడ్డను తలచుకొని వలదనును. చిన్నయసూరి నీతిచంద్రికలో దీర్ఘకర్ణమను మార్జాలము ముసలి గ్రద్దను నమ్మించి పక్షికూనలను తినినది మొదలు పిల్లిజాతికి మంచిపేరు రాలేదు. ఇక తండ్రి, నాలుగు దినములు చూచి, కూనలను సంచిలో కట్టి కాలువ కావలియొడ్డున విడిచి రమ్మని పాలేరుతో చెప్పును.

ఈ ఆచారము పల్లెలలో నేటికిని కలదు. పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని దానము చేయవలెనని పెద్దలందురు. అందుచేత చంపుటకు జంకుదురు గాని, కన్నులైనను తెఱవని కూనలను గట్టున విడుచుటకు జంకరు! తల్లిపాలు లేక అవి అచట ఎంతసేపు బ్రతుకును? ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము కూడను.

పుట్టినప్పుడు కూనకు చూపు లేదు, వినికిడి లేదు. తన ఒంటి వెచ్చదనమును తాను నిలుపుకొనజాలదు. కన్నులు తెఱచుటకు వారము మొదలు రెండువారముల వఱకు పట్టును. అంతవఱకు తల్లి ప్రక్కయే దానికి లోకము. మనుష్యుడు తాకిన కూనను తల్లి విడనాడునను మాట పూర్తిగా నిజము కాదు. కాని మాటిమాటికి అలజడి కలిగించినచో, తల్లి కూనలను నోట కఱచుకొని వేఱొకచోటికి మార్చును. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను లోకోక్తి ఇట్లు పుట్టినదే. గండుపిల్లి భయమును ఇందుకొక కారణము. అది కూనలను చంపుట కలదు. కావున అటకయెక్కి తొంగిచూచు ముచ్చటను పిల్లలు కొన్నాళ్ళు ఆపుకొనవలెను. ఇది వారికి మిక్కిలి కష్టమైన పని.

తల్లి మెడపై తోలు పట్టి మోయునప్పుడు కూన కదలక వ్రేలాడును. వైష్ణవాచార్యులు శరణాగతికి దీనినే దృష్టాంతముగా గొని మార్జాలకిశోరన్యాయమనిరి. అది తల్లికి తెలిసిన విద్య. బాలురు దానిని అనుకరింపరాదు. నేలమీద కూర్చుండి, ఒక చేయి ఱొమ్ము క్రిందను, రెండవ చేయి వెనుకకాళ్ళ క్రిందను ఉంచి ఎత్తవలెను. మూడేండ్ల లోపు పిల్లలకు తోక యనిన తాడువలె తోచును. వారు కూనతో ఆడునపుడు పెద్దలొకరు దగ్గఱ నుండక తప్పదు.

మామ్మ భయములో కొంత నిజము కలదు. పిల్లి పసిబిడ్డ ఊపిరి పీల్చుననుట కల్ల. అయినను వెచ్చదనమును కోరి ఉయ్యాలలో దూరి బిడ్డ ముఖముచెంత పండుకొనవచ్చును. బిడ్డ నిద్రించు గది తలుపు మూసియుంచినచో ఆ చిక్కు లేదు. పూర్వము కట్టెల పొయ్యిలోని వెచ్చని బూడిదలో పిల్లులు పండుకొనెడివి. ఇంట వంట జరుగలేదనుటకు పొయ్యిలో పిల్లి లేవలేదను పలుకుబడి అందువలననే వచ్చినది.

పిల్లికి పాలు పోయుట గొప్ప ఆదరమని పలువురు తలంతురు. ఆవుపాలు, గేదెపాలు కూనలకు పడవు. విరేచనములు పట్టి నీరసించును. నాలుగువారములు దాటిన పిమ్మట ముల్లు తీసి ఉడికించిన చేపను మెత్తగా మెదిపి కొంచెము కొంచెముగా పెట్టవచ్చును. పిల్లి మాంసాహారి, పెరుగన్నము మాత్రమే పెట్టు ఇండ్లలో అది మిగిలిన లోటును ఎలుకలతో తీర్చుకొనవలసినదే.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. పిల్లి కఱచినను, గీఱినను పిల్లలు దాచుదురు. చెప్పినచో కూనలను పాఱవేయుదురని వారి భయము. "ఇంకొకసారి గీఱినచో కాలువలో పడవేయించెదను" అని బెదిరించిన తండ్రియే ఆ దాపఱికమునకు కారకుడు. పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి పిల్లికాటువలనను రావచ్చును. లక్షణములు పొడచూపిన పిమ్మట దానికి చికిత్స లేనట్లే. గాయమును వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. కూనలను ఏమియు చేయమని ముందుగా మాట యిచ్చిన యింటిలో బాలుడు గాయమును చూపుటకు వెనుదీయడు.

ఎనిమిది వారములు నిండువఱకు కూనలను తల్లినుండి వేఱుచేయరాదు. ఆపై ఎలుకల బాధ గల ఇరుగుపొరుగువారు తామే వచ్చి అడుగుదురు. ఇంట నిలిచిన పిల్లికి ఐదాఱు నెలల ప్రాయమున పశువైద్యశాలలో సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించినచో, మరుసటి యేడు మరల గోనెసంచి మాట రాదు. కూనను బుట్టలో పంపునపుడు తల్లి పండుకొనిన పాతగుడ్డపీలిక నొకదానిని అందు వేయుట మంచిది. ఆ వాసన తోడున్నచో కొత్తయింట కూన అంతగా బెదరదు. తల్లి మాత్రము ఒకటి రెండు దినములు అటకయంతయు వెదకుచు అఱచును. పిల్లలును దానివెంట తిరుగుదురు.