ముందు బల్ల, తర్వాతే పనిముట్లు: ఇంట్లో చెక్కపనికి ఒక మూల

మన ఊళ్లో వడ్రంగి పనిచేస్తుంటే చూశారా? నేల మీద కూర్చుని, చెక్కను రెండు పాదాల మధ్య అదిమిపట్టి ఉలి కొడతాడు. ఆ పాదాలే ఆయనకు బల్ల. చిన్నప్పటి నుంచి అలవడిన ఆ ఒడుపు మనకు లేదు కాబట్టి, చెక్కను కదలకుండా పట్టి ఉంచే బరువైన బల్ల మనకు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు పనిముట్లు కొంటారు. నేనూ అదే చేశాను. పెట్టె నిండా ఉలులు కొని, భోజనాల బల్ల మీద పని మొదలుపెట్టాను. బల్ల జరిగింది, ఉలి జారింది, ఎడమచేతి బొటనవేలు తెగింది. అందుకే ఈసారి వరస మారుద్దాం. ముందు బల్ల చేద్దాం. దానికి అవసరమైన పనిముట్లే కొందాం. బల్లకు కావలసిన పన్నెండు కలప ముక్కలూ కోసి బిగించేసరికి కొలవడం, కోయడం, చిత్రిక పట్టడం చేతికి వస్తాయి.

కావలసినవి

చోటు: వసారా, కారు షెడ్డు, మేడ మీద రేకుల షెడ్డు, కాస్త పెద్ద బాల్కనీ, ఏదైనా సరే. బల్ల 4×2 అడుగులు. దాని ముందు మనం నిలబడి కదలడానికి 3 అడుగులు వదలాలి. వాన జల్లు పడకూడదు, వెలుతురు బాగా రావాలి. అపార్ట్‌మెంటులో ఉంటే సుత్తి, డ్రిల్ పనులు పగటిపూటే పెట్టుకుందాం.

కలప: కాళ్లకు 3×3 అంగుళాల మందం, 6 అడుగుల పొడవున్నవి 2. అడ్డకర్రలకు 3×1½ అంగుళాలు, 11 అడుగుల పొడవున్నవి 2. వేప సరిపోతుంది. బొమ్మలకు వాడే పొణికి లాంటి మెత్త చెక్క బల్లకు పనికిరాదు. నల్లతుమ్మ గట్టిదే కానీ, మొదటిసారి రంపం పట్టే చేతికి చుక్కలు చూపిస్తుంది. అడితిలో లెక్క ఘనపుటడుగుల్లో ఉంటుంది. మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగించాలి. మన కాళ్ల కలప 0.75, అడ్డకర్రలు సుమారు 0.69, మొత్తం దాదాపు 1.44 ఘనపుటడుగులు. ఈ లెక్క మనసులో ఉంచుకుని వెళితే బేరం తేలిక.

ప్లైవుడ్: 18 మి.మీ. మందం, 8×4 అడుగుల షీటు ఒకటి. తేమ తగిలే చోటైతే ఐఎస్ 710 రకం అడగండి. దుకాణంలోనే 4×2 అడుగుల ముక్కలు నాలుగుగా కోయించండి. రెండు బల్ల పైభాగానికి, ఒకటి కింది అరకు, ఒకటి గోడ మీద పనిముట్లు తగిలించుకోవడానికి.

పనిముట్లు: టేపు, పెన్సిల్, మూలమట్టం, చేతిరంపం, చిత్రిక (దుకాణంలో రందా అన్నా ఇస్తారు), అంగుళం ఉలి, సానరాయి, సుత్తి, డ్రిల్ మిషను, జి-క్లాంపులు నాలుగు.

చిల్లర సామాను: 10 మి.మీ. లావు, 5½ అంగుళాల పొడవున్న బోల్టులు 16, నట్లు 16, వాషర్లు 32. 2½ అంగుళాల స్క్రూలు 24, 1¼ అంగుళాలవి 20. ఇనుప ఎల్-పట్టీలు 8, వాటికి అంగుళం స్క్రూలు. చెక్క జిగురు అరకిలో. కళ్లద్దాలు, ఎన్-95 మాస్కు.

పద్ధతి

1. ఎత్తు తేల్చుకుందాం. చేతులు వేలాడేసి నిటారుగా నిలబడండి. నేల నుంచి మణికట్టు ఎముక దాకా ఎంతుందో ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించండి. అదే బల్ల ఎత్తు. అది 34 అంగుళాలైతే, పైపలక మందం ఒకటిన్నర తీసేసి కాలు 32½ అంగుళాలు. మీ కొలత మీదే, నాది తీసుకోకండి.

2. కలపను ఆరనిద్దాం. తెచ్చిన రోజే కోయకండి. అడ్డకర్రల మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా రెండు మూడు వారాలు నీడలో పేర్చండి. ఈ ఓపిక లేక నేను చేసిన మొదటి చట్రం ఎండాకాలానికి మెలి తిరిగింది.

3. పదును పెడదాం. కొత్త ఉలి, కొత్త చిత్రిక బ్లేడు పదునుగా ఉంటాయనుకోకండి. ముందు బ్లేడు వెనక వైపు సానరాయి మీద చదును చేయాలి. తర్వాత వాలు వైపు 25 నుంచి 30 డిగ్రీల కోణంలో, చెయ్యి ఊగకుండా రుద్దాలి. కాగితాన్ని గాలిలో పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి.

4. గీత గీద్దాం. టేపుతో ఒక చుక్క పెట్టి, మూలమట్టం ఆనించి నాలుగు వైపులా గీత తిప్పండి. చివర గీత మొదటి గీతను కలవకపోతే మూలమట్టం సరిగా ఆనలేదని అర్థం. చెరిపి మళ్లీ గీయండి.

5. కోద్దాం. బల్ల ఇంకా లేదు కాబట్టి రెండు ఎత్తుపీటల మీద చెక్క పెట్టి మోకాలితో అదుముదాం. రంపాన్ని ముందు రెండు మూడుసార్లు వెనక్కి లాగి గాడి చేసుకోండి. కోత గీత మీద కాదు, పారేసే ముక్క వైపు నడవాలి. చివరి అంగుళంలో నెమ్మది. తెగే ముక్కను రెండో చేత్తో పట్టుకోకపోతే అది విరుగుతూ మన చెక్కను చీల్చుకుపోతుంది. మొదటి కాలు కోశాక మిగతా మూడింటినీ టేపుతో కాదు, దాన్నే ఆనించి కొలవండి. అడ్డకర్రల్లో 42 అంగుళాలవి నాలుగు, 18 అంగుళాలవి నాలుగు.

6. చిత్రిక పడదాం. చెక్క నార ఏ వైపు లేస్తోందో పక్క నుంచి చూసి, ఆ వాలు వెంబడే తోయండి. ఎదురు తోస్తే చెక్క ముక్కలుగా లేచిపోతుంది. వేపలో నార అటూ ఇటూ తిరుగుతుంది కనుక అడితిలోనే మిషను మీద నున్నగా చేయించి, అంచులు మాత్రం మనం సరిచేసుకోవడం మేలు.

7. రెండు పక్క చట్రాలు. రెండు కాళ్లను 18 అంగుళాల వెడల్పు వచ్చేలా పరచి, లోపలి ముఖం మీద పొట్టి అడ్డకర్రలు పెడదాం. ఒకటి కాళ్ల పైఅంచుకు సమంగా, రెండోది నేలకు 6 అంగుళాల ఎత్తున, చీపురు ఆడేలా. జిగురు రాసి, ముందు సన్న రంధ్రాలు చేసి, ఒక్కో అతుకుకు మూడు 2½ అంగుళాల స్క్రూలు బిగించండి. మూడంగుళాల స్క్రూ వేయకండి, తర్వాత కాలి మధ్యలోంచి వచ్చే బోల్టుకు అడ్డం పడుతుంది. జిగురు ఆరకముందే మూల నుంచి మూలకు రెండు కొలతలూ చూడండి. రెండూ సమానమైతేనే చట్రం మూలలు లంబకోణంలో ఉన్నట్టు.

8. చట్రాలను కలుపుదాం. పొడవు అడ్డకర్రలను పొట్టి వాటి ఎత్తులోనే కాళ్లకు ముందూ వెనకా బయటి ముఖం మీద పెట్టి, అతుకుకు రెండేసి బోల్టులు వేద్దాం. రెండు రంధ్రాలూ ఒకే నార గీత మీద పడకుండా ఐమూలగా వేయాలి, లేకపోతే చెక్క చీలుతుంది. రంధ్రం లోతు నాలుగున్నర అంగుళాలు కనుక పొడవాటి చెక్క బిట్టు కావాలి. ఇక్కడ జిగురు వద్దు. ఇల్లు మారేటప్పుడు పైపలక ఎల్-పట్టీలు, 16 బోల్టులు విప్పితే బల్ల ఆటోలో వెళ్లిపోతుంది.

9. పైపలక. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య జిగురు పల్చగా, అంతటా పరచండి. అంచుల్లో క్లాంపులు, కింది వైపు నుంచి 1¼ అంగుళాల స్క్రూలు. రాత్రంతా వదిలేసి, ఎల్-పట్టీలతో చట్రానికి బిగించండి. రెండు చివరలా మూడేసి అంగుళాలు బయటికి రావాలి, క్లాంపు పట్టుకునేది అక్కడే.

10. అర, బరువు. మూడో ముక్కను 36×21 అంగుళాలకు కోస్తే కాళ్ల మధ్య సరిగ్గా కూర్చుంటుంది. దాని మీద రెండు ఇసుక మూటలు పెట్టండి. చిత్రిక తోసినప్పుడు బల్ల కదలకుండా ఉండేది ఆ బరువుతోనే.

తరచూ జరిగే పొరపాట్లు

- పాత ఇంటి కలపలో మేకులు. పాత ద్వారబంధాలు బాగా ఆరి ఉంటాయి, కొనొచ్చు. కానీ అయస్కాంతం పెట్టి వెతక్కుండా రంపం పెట్టకండి. ఒక్క మేకు చాలు, రంపం పళ్లు పోవడానికి.
- కాళ్లు నేరుగా నేల మీద. తడి పీలుస్తాయి, చెదలు ఎక్కుతాయి. ఒక్కో కాలి కింద టైలు ముక్క పెట్టండి.
- చేవ లేని చెక్క. దుంగ అంచున తెల్లగా ఉండే భాగాన్ని పురుగు త్వరగా పడుతుంది. ముదురు రంగు చేవ భాగమే ఎంచుకోండి.
- ఉలి ముందు చెయ్యి. చెక్కను క్లాంపుతో బిగించి, రెండు చేతులూ ఉలి వెనకే ఉంచండి. నా బొటనవేలి మచ్చ ఇప్పటికీ ఈ మాటే చెబుతుంది.
- వదులు బట్టలు. డ్రిల్ ముందు చున్నీ, వేలాడే చొక్కా చేతులు వద్దు.

ఇప్పుడు మిగిలినవి చూడండి. అర కోయగా 12 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ ముక్క ఉంది. అందులోంచి 8×10 అంగుళాల పలక, రెండు సన్న పట్టీలు తీసి, ఒక పట్టీని పలక పై ముఖం మీద ఒక చివర, ఇంకోటి కింది ముఖం మీద ఎదుటి చివర అతికించండి. కింది పట్టీ బల్ల అంచుకు తగులుకుంటుంది, పై పట్టీకి చెక్క ఆనించి కోస్తే కదలదు. పీటల మీద మోకాలితో అదిమిన పని ఇకపై ఒక్క అరచేత్తో అయిపోతుంది. మన బల్ల మీద చేసే మొదటి వస్తువు ఇదే. చెక్కను బిగించి పట్టే వైస్ కొనాలా వద్దా అన్నది దీనితో నెల రోజులు కోసి చూశాక ఆలోచిద్దాం.