పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకున్న మెయిల్



మొన్న ఒక ప్రింట్ కోసం కాకినాడలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. బ్రౌజర్ తెరవగానే ఎవరిదో మెయిల్ కనిపించింది. నాకంటే ముందు కూర్చున్నాయన విండో మూసేసి వెళ్లిపోయారు, అంతే. పాస్‌వర్డ్ నాకు తెలియదు, నన్ను ఎవరూ అడగనూ లేదు. లాగౌట్ నొక్కి నా పని చూసుకున్నాను. హాల్ టికెట్‌కో, స్కాలర్‌షిప్ ఫారానికో మన ఉప్పాడలోనూ చాలామంది నెట్ సెంటర్‌కే వెళ్తారు కాబట్టి, దీన్నే మా ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠంగా చెప్పాను.

వెబ్‌సైట్‌కి మతిమరుపు ఎక్కువ. మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే, మీరు ఇందాకటి మనిషేనని దానికి తెలియదు. దీనికి మందుగా 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటులి కనిపెట్టిందే కుకీ. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. మీరు సరైన పాస్‌వర్డ్ ఇచ్చాక సర్వర్ ఒక నంబరు రాసుకుని, అదే నంబరును మీ బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆ తర్వాత ప్రతి క్లిక్‌కీ బ్రౌజర్ ఆ నంబరే చూపిస్తుంది. పాస్‌వర్డ్‌తో పని లేదు, ఓటీపీతోనూ పని లేదు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే!

క్లాసులో ఒక అబ్బాయిని సర్వర్‌గా నిలబెట్టి, మిగతావాళ్లకు చీటీలు ఇప్పించాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, నాది నాలుగు అయితే పక్కవాడిది అయిదే కదా, అయిదు అని చెప్పేస్తే?" అంది. చాలా మంచి ప్రశ్న. అందుకే అసలు సైట్లు ఒకటి, రెండు అని వరసగా ఇవ్వవు, ఎవరూ ఊహించలేని పొడవైన నంబరు ఇస్తాయి.

లాగౌట్ నొక్కితే సర్వర్ తన పుస్తకంలో ఆ నంబరు కొట్టేస్తుంది. ట్యాబ్ మూస్తే కొట్టేయదు. 'రిమెంబర్ మీ' దగ్గర టిక్ పెడితే, బ్రౌజర్ మూసినా కుకీ రోజుల తరబడి ఉండిపోతుంది. బయటి కంప్యూటర్‌లో ఆ టిక్ పెట్టకండి. వీలైతే ఇన్‌కాగ్నిటో విండో వాడండి. దాని విండోలన్నీ మూసేస్తే కుకీలూ పోతాయి. (సైట్లలో 'యాక్సెప్ట్ కుకీస్' అని అడిగేది ఎక్కువగా ప్రకటనల కుకీల గురించి, అది వేరే కథ.)

మన దగ్గర జామ్దానీ చీరల ఫోటోలు, ఆర్డర్లు వాట్సాప్‌లోనే నడిపే ఇళ్లు ఉన్నాయి. ఫోటో ప్రింట్ కోసం నెట్ సెంటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిస్తే, అది అచ్చంగా కుకీ కాకపోయినా ప్రమాదం ఇలాంటిదే. ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో వాట్సాప్ 'లింక్డ్ డివైసెస్' తెరవండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీలోనూ ఇలాంటి జాబితా ఉంటుంది. మీది కాని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయమనండి. ఎలాగో పిల్లలకు తెలుసు, నేర్పించాను.