బొటనవ్రేలి మీద నల్లని గీత

పిల్లలూ! ఎన్నికల రోజు మీ కంటికి ఎలా కనబడుతుంది? ఆ రోజు సెలవు. చాలా చోట్ల బడిలోనే ఓట్లు వేస్తారు. మీరు ఆడుకునే చోట పెద్దలు వరుసగా నిలబడతారు. వీధి దీపాల స్తంభాలకు కట్టిన బొమ్మలలో ఎవరెవరో మనవైపు చూసి నవ్వుతూ ఉంటారు. ఇంటికి వచ్చిన అమ్మ ఎడమచేతి బొటనవ్రేలి మీద నల్లని గీత ఒకటి ఉంటుంది. సబ్బుతో తోమినా అది వెంటనే పోదు.

"ఈ గీత కోసమా ఇంతసేపు నిలబడ్డావు?" అని మీలో కొందరు అడిగే ఉంటారు. మంచి ప్రశ్న. జవాబు కోసం మనం 1994 ఏప్రిల్ 27వ తేదీకి వెళ్ళాలి.

ఆ రోజు బుధవారం. మీకు ఏడేళ్ళు అనుకోండి. డర్బన్ దగ్గర ఒక ఊరిలో అవ్వ చెయ్యి పట్టుకొని వరుసలో నిలబడ్డారు. మీ ఎత్తుకు ఏమి కనబడుతుంది? ముందువారి చెప్పులు, చేతిసంచులు, ముసలివారి ఊతకర్రలు. తల ఎత్తి చూస్తే వరుసకు మొదలూ కనబడదు, చివరా కనబడదు. అంతకుముందు ఈ దేశంలో ఒక్కొక్క జాతికి ఒక్కొక్క బడి, ఒక్కొక్క పేట. చివరికి సముద్రపు ఒడ్డు కూడా వేరే. ఇప్పుడు ఓటుకు మాత్రం అందరిదీ ఒకటే వరుస!

లోపల అవ్వ చేతికి ఏదో సిరా పూస్తారు. కాని ఆ సిరా కంటికి కనబడదు. ఒక ప్రత్యేకమైన దీపం కింద చెయ్యి పెడితేనే మెరుస్తుంది. ఆనాడు ఓటర్ల పట్టిక లేదు. ఒకరే రెండుసార్లు ఓటు వేయకుండా ఈ ఉపాయం చేశారు.

తరువాత అవ్వకు రెండు బ్యాలెట్ పత్రాలు ఇస్తారు. ఒకటి దేశానికి, ఒకటి రాష్ట్రానికి. దేశానికి సంబంధించిన పత్రంలో 19 పార్టీలు ఉన్నాయి. ప్రతి పార్టీ పేరు పక్కన దాని గుర్తు, నాయకుని ఫొటో ఉన్నాయి. చదువురానివారు కూడా బొమ్మ చూసి గుర్తుపట్టగలరు. అన్నిటికన్నా కింది వరుస మాత్రం అచ్చువేసినది కాదు, అతికించినది. ఇన్‌కాథా పార్టీ ఎన్నికలకు సుమారు వారం ముందు మాత్రమే పోటీకి ఒప్పుకొన్నది. అప్పటికే పత్రాలు అచ్చయిపోయాయి. అందుచేత లక్షలకొలది పత్రాలకు చీటీలు అతికించారు. పెద్దలు కూడా మీలాగే అతికించే పనిలో పడ్డారన్నమాట!

ఇక అవ్వ సంగతి. అంత వయసు వచ్చేదాకా ఆమె ఓటు ఎందుకు వేయలేదు? 1860 నుండి మన పూర్వులు చెరకు తోటలలో పనికి నేటాలు వచ్చారు. 1896లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దానితో భారతీయులు కొత్తగా ఓటర్లుగా చేరే దారి మూసుకుపోయింది. తెల్లవారికి తప్ప మిగిలినవారికి పార్లమెంటు తలుపులు తెరుచుకోలేదు. 1984లో ప్రభుత్వం భారతీయులకు వేరే సభ ఒకటి ఏర్పాటు చేసి, "రండి, ఓటు వేయండి" అన్నది. కాని దేశంలో అందరికన్నా ఎక్కువమంది అయిన ఆఫ్రికన్ ప్రజలకు మాత్రం ఓటు లేదు. పక్కింటివానికి లేని ఓటు మాకెందుకని మనవారిలో చాలామంది ఆ రోజు ఇల్లు కదలలేదు. చేతికి వచ్చిన దానిని వద్దనడం తేలిక కాదు. వారు వద్దన్నారు. అందరికీ ఓటు వచ్చిన 1994లో వరుసలో నిలబడ్డారు.

ఆ రోజే నెల్సన్ మండేలా కూడా తన జీవితంలో మొదటి ఓటు వేశారు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు. అందులో 27 ఏళ్ళు చెరసాలలో గడిచాయి. ఆయన ఓటు వేసినది మన డర్బన్ దగ్గరి ఇనాండాలో, ఒహ్లాంగే బడిలో. ఆ బడిని స్థాపించిన జాన్ డూబే సమాధిని ముందుగా దర్శించి, ఆ తరువాతనే ఓటు వేశారు.

400 స్థానాలలో మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసుకు 252 వచ్చాయి. మే 10న ఆయన అధ్యక్షులయ్యారు. అప్పుడు ఎన్నికైనవారే కూర్చొని 1996లో రాజ్యాంగం రాశారు. దాని ఆరవ విభాగం భాషల గురించినది. ఈ దేశంలో ప్రజలు మాట్లాడే భాషలను గౌరవించాలని చెబుతూ, అందులో కొన్నిటి పేర్లు కూడా రాశారు. తమిళం, హిందీ, గుజరాతీలతో పాటు తెలుగు పేరు అక్కడ ఉన్నది. మీ ఉపాధ్యాయుని అడిగి ఆ పుట తెరిచి చూడండి.

2024 మే 29న జరిగిన ఎన్నికలలో బ్యాలెట్ పత్రాలు మూడు అయ్యాయి. మీకు 16 ఏళ్ళు నిండితే పేరు నమోదు చేసుకోవచ్చు. ఓటు మాత్రం 18 నిండిన తరువాతనే.

ఇంటిపని: 1994లో ఓటు వేసినవారు మీ ఇంట్లోనో, పక్కింటిలోనో ఉంటారు. ఎక్కడ నిలబడ్డారో, ఎంతసేపు నిలబడ్డారో, వరుసలో వారి ముందు ఎవరున్నారో అడగండి. ఎవరికి ఓటు వేశారని మాత్రం అడగవద్దు, అది రహస్యం. వారు చెప్పినది చెప్పినట్లుగా పది వాక్యాలు తెలుగులో రాసి తీసుకొని రండి.