లైటు ఆర్పించుకోవడం మానండి, కారణం పట్టుకోండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. మీ మొదటి రియాక్షన్ ఏంటి?

"అదెప్పుడూ ఎలుగుతూనే ఉంటాదిలే" అని బండి తోలేసేవాళ్లు ఒక రకం. లైటు కనబడకుండా నల్ల టేపు అంటించేవాళ్లు ఇంకో రకం. స్కానర్ ఉన్నవాణ్ణి వెతికి, లైటు తీయించుకుని, రెండొందలు చేతిలో పెట్టి వచ్చేసేవాళ్లు మూడో రకం. ఈ మూడోవాళ్లు తెలివైనవాళ్లలా కనిపిస్తారు. నిజానికి వాళ్లు అంటించిందీ టేపే. కాస్త ఖరీదైన టేపు, అంతే!

"ఎందుకు వెలిగింది?" అని అడిగేవాళ్లు నాలుగో రకం. ఈ వ్యాసం చదవడం మొదలుపెట్టారంటే మీరు ఆ దారిలోకి వచ్చేసినట్టే.

అరకు ఘాట్‌లోని టైడాలో పికప్ నడిపేవాళ్లకు ఈ అలవాటు సరదా కాదు, సంపాదన. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. పైన అనంతగిరి, సుంకరిమెట్ట, అరకు. కింద శృంగవరపుకోట. వెనక కాఫీ బస్తాలో, మిరియాలో, సంతకు పోయే కూరగాయలో ఉంటాయి. మలుపులో బండి లాగడం మానేస్తే ఫోన్‌లో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. కంపెనీ వర్క్‌షాప్ కావాలంటే విశాఖో విజయనగరమో దిగాలి. కాబట్టి కోడ్లు చదివే స్కానర్ ఒకటి సొంతంగా కొనుక్కోవాలని మీకు అనిపిస్తే, ఆ ఆలోచన మంచిదే.

కానీ చాలామంది ముందు స్కానర్ కొంటారు, ఆ తర్వాత దాంతో ఏం చేయాలో ఆలోచిస్తారు. మీరు ముందు ప్రశ్న రాసుకోండి. తర్వాతే పర్సు తీయండి.

మొదటి ప్రశ్న: మీ బండికి అసలు స్కానర్ పనికొస్తుందా?

నవ్వకండి. ఏజెన్సీలో ఇప్పటికీ తిరుగుతున్న పాత కమాండర్ జీపులకు, పాత డీఐ పికప్‌లకు మెకానికల్ పంపు ఉంటుంది. వాటిలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, లేదు. ఈసీయూ లేనప్పుడు కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి బండికి స్కానర్ కొంటే డబ్బు దండగ. ఆ డబ్బుతో మంచి స్పానర్ సెట్టు కొనుక్కోండి.

కామన్ రైల్ ఇంజిన్ అయితే స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి చూడండి. 16 పిన్నుల సాకెట్ తగులుతుంది. అదే ఓబీడీ పోర్టు. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. మన దేశంలోకి 2010 తర్వాత మెట్లు మెట్లుగా వచ్చింది. బీఎస్-4 దేశమంతా అమలైంది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. ఇప్పుడు ఆర్సీ తీసి తయారైన సంవత్సరం చూడండి. 2020 తర్వాతి బండి అయితే మామూలు స్కానర్‌తోనే చాలా విషయాలు తెలుస్తాయి. 2017కు ముందుదైతే జాగ్రత్త. సాకెట్ ఉన్నా, లోపల భాష కంపెనీ సొంతది కావచ్చు.

రెండో ప్రశ్న: మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?

ఒక కాగితం తీసుకోండి. పోయిన ఏడాది మీ బండి ఎందుకెందుకు ఆగిందో రాయండి. గుర్తున్నవి చాలు. ఆ కాగితమే మీ షాపింగ్ లిస్టు.

"ఏ కోడ్ వచ్చిందో తెలిస్తే చాలు, మిగతాది మెకానిక్ చూసుకుంటాడు" అనుకుంటే బ్లూటూత్ డాంగిల్ చాలు. ఈఎల్ఎం327 అని అమ్ముతారు. ధర వందల్లో మొదలవుతుంది. ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే పని జరుగుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు మాత్రం పాత రకం బ్లూటూత్ డాంగిల్ కొనొద్దు, కనెక్ట్ కాదు. వైఫై రకమో, బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ) రకమో తీసుకోండి. మార్కెట్లో ఉన్నవాటిలో ఎక్కువ నకిలీ చిప్పులే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సగం ప్రశ్నలకు నోరు మెదపవు. అందుకే కొనే ముందు పరీక్ష పెట్టాలి. అది చివర్లో చెబుతాను.

కొన్ని వేలు పెడితే చేత్తో పట్టుకునే స్కానర్ వస్తుంది. ఫోన్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఉండి బండి చేతులు మారుతుంటే ఇదే సుఖం.

ఇంజెక్టర్ కోడింగ్, డీపీఎఫ్ ఫోర్స్‌డ్ రీజెనరేషన్ (మసి ఫిల్టర్‌ను బలవంతంగా కాల్చి శుభ్రం చేయడం), ఏబీఎస్ కోడ్లు చదవడం, ఇవన్నీ కావాలంటే లాంచ్, ఆటెల్ లాంటి ప్రొఫెషనల్ టూల్స్ వైపు వెళ్లాలి. మంచివాటి ధర లక్ష దాకా, ఆపైన కూడా పోతుంది. ఒక్క బండి ఉన్నవాళ్లకు నేనైతే వద్దనే చెబుతాను. నలుగురైదుగురు ఓనర్లు కలిసి కొని, చదవడం వచ్చిన ఒక కుర్రాడి చేతిలో పెడితే మాత్రం బ్రహ్మాండం. టైడాలో అలాంటి కుర్రాడు లేడనుకోవద్దు. ఫోన్ రిపేరు చేసేవాడు ఇది కూడా నేర్చుకుంటాడు.

ఇక్కడొక విషయం గట్టిగా పట్టుకోండి. పి0తో మొదలయ్యే కోడ్లు అన్ని కంపెనీలకూ ఉమ్మడి. పి1తో మొదలయ్యేవి కంపెనీ సొంతం. మహీంద్రా పి1, టాటా పి1 ఒకటి కావు. మన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ లెక్క ఇంకొకటి. కాబట్టి "అన్ని బళ్లకూ పనిచేస్తుందన్నా" అనే షాపువాడి మాట వదిలేయండి. "నా మోడల్, నా సంవత్సరం లిస్టులో చూపించు" అనండి. సిగ్గుపడకండి. అడగడం కూడా ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

కోడ్ తీర్పు కాదు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. కొంచెం నెమ్మదిగా చదవండి.

కోడ్ చెప్పేది ఏ వీధిలో గొడవ జరుగుతోందో మాత్రమే. గొడవ ఎవరు పెట్టారో మీరే కనుక్కోవాలి.

ఉదాహరణకు పి0087. ఫ్యూయల్ రైల్‌లో ప్రెజర్ తక్కువైందని అర్థం. ఇది చూడగానే "పంపు పోయింది" అనేవాళ్లు ఉంటారు. హైప్రెజర్ పంపు అంటే వేల రూపాయల పని. కానీ అదే కోడ్ మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్ వల్ల వస్తుంది. లైన్లో గాలి చొరబడినా వస్తుంది. డబ్బాలో తెచ్చి పోసిన డీజిల్‌లో నీళ్లున్నా వస్తుంది. ఇంజెక్టర్ రిటర్న్ ఎక్కువైనా, ప్రెజర్ సెన్సర్ చెడినా వస్తుంది. పంపు వల్ల కూడా వస్తుంది, కాదనను.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? చవకగా, తేలిగ్గా అయ్యేదాని దగ్గర. ఫిల్టర్ కింద డ్రెయిన్ తిప్పి నీళ్లున్నాయేమో చూడండి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి. పైపుల దగ్గర తడి, క్లాంపుల దగ్గర వదులు చూడండి. ఇవన్నీ అయ్యాకే పంపు మాట.

పి0299 వచ్చిందా? టర్బో ప్రెజర్ చాలడం లేదు. వెంటనే టర్బో విప్పించకండి. ఇంటర్‌కూలర్ పైపు పగిలిందేమో, క్లాంపు జారిందేమో చూడండి. ఎక్కుడులో "స్...స్" అని గాలి చప్పుడు, పైపు చుట్టూ నూనె తడి కనిపిస్తే సగం కేసు తేలిపోయినట్టే.

ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాల్సిన అలవాట్లు ఇవి:

- కోడ్ కనిపించగానే ఫొటో తీయండి. ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే అదీ తీయండి. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ స్పీడు, వేడి, లోడు ఎంతో అందులో ఉంటాయి. క్లియర్ నొక్కితే అవన్నీ పోతాయి.
- లైటు వెలగకపోయినా అప్పుడప్పుడు పెండింగ్ కోడ్లు చూడండి. బండి ముందే గొణుగుతుంది. వినే ఓపిక ఉండాలి.
- నోట్‌బుక్ పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఏ ఎక్కుడులో వచ్చింది, ఎంత లోడు, ఏం మార్చారు. ఒక్కో లైను చాలు.
- ఎర్ర లైటు వెలిగితే స్కానర్ మర్చిపోండి. ఆయిల్ ప్రెజర్, టెంపరేచర్ లైట్లు చర్చకు సమయం ఇవ్వవు. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.

ఘాట్ రోడ్డే మీ కోచింగ్ సెంటర్

స్కానర్‌లో కోడ్ల కన్నా విలువైనది లైవ్ డేటా. ఘాట్‌లో ఉన్నవాళ్లకు మైదానంలో వాళ్లకు దొరకని పాఠాలు దొరుకుతాయి.

మొదటి పాఠం చాలా సులువు. కీ ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూడండి. అప్పుడు అది చూపించేది బయటి గాలి ఒత్తిడి. విశాఖ సముద్రం ఒడ్డున దాదాపు 100 కిలోపాస్కల్స్ ఉంటుంది. అరకు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ 90 దగ్గరికి దిగుతుంది. పైకి వెళ్లేకొద్దీ అంకె తగ్గితే సెన్సర్ బాగున్నట్టు. రెండుచోట్లా ఒకే అంకె వస్తే అనుమానించండి. విశాఖలో రాసుకున్న అంకె అరకులో రాలేదని సెన్సర్ మార్పించేసేవాళ్లుంటారు. మీకు ఆ ఖర్చు రాదు.

ఇప్పుడు లోడుతో సెకండ్ గేరులో అనంతగిరి వైపు ఎక్కించండి. ఆ అంకె బాగా పైకి లేవాలి. ఎంత లేచిందో అదే టర్బో కష్టం. బండి ఆరోగ్యంగా ఉన్న రోజున ఈ అంకె రాసి పెట్టుకుంటే, జబ్బు చేసిన రోజున పోల్చుకోవడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. ఫోన్ చూసేది మాత్రం పక్కన కూర్చున్నవాళ్లే. మీ కళ్లు మలుపు మీదే ఉండాలి. ఇందులో బేరం లేదు.

రెండో పాఠం అలవాటును మార్చే పాఠం. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని మన డ్రైవర్లలో గట్టి నమ్మకం. వాదించకండి. స్కానర్‌లో ఫ్యూయల్ రేటు పెట్టుకుని, గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. కామన్ రైల్ ఇంజిన్‌లో ఈసీయూ ఇంజెక్షన్ ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. అంకె సున్నాకు వచ్చేస్తుంది. న్యూట్రల్ సంగతి ఘాట్‌లో పరీక్షించాల్సిన పని లేదు. సమంగా ఉన్నచోట బండి నిలబెట్టి ఐడిల్‌లో చూడండి. కొంత డీజిల్ కాలుతూనే ఉంటుంది. దిగుడులో న్యూట్రల్ వేసినా ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కావాలి కదా! పైగా బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. అంటే న్యూట్రల్ వేసినవాడు డీజిల్‌కీ కడుతున్నాడు, బ్రేకులకీ కడుతున్నాడు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటు ఒక్క సాయంత్రంలో మారుతుందా? సున్నా అంకెను మీ కళ్లతో మీరు చూస్తే మారుతుంది.

బీఎస్-6 డీజిల్ బండి ఉన్నవాళ్లకు

మీకు డీపీఎఫ్ ఉంటుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. నిండితే తనే కాల్చుకుంటుంది, దీన్నే రీజెనరేషన్ అంటారు. కాల్చుకోవడానికి వేడి కావాలి, కాసేపు ఆగకుండా నడవాలి. ఊళ్లో పది నిమిషాలు తిప్పి ఆపేయడం, సంతలో ఇంజిన్ ఆన్‌లో పెట్టి కబుర్లు చెప్పడం దానికి పడవు. పి2463 వచ్చిందంటే మసి పేరుకుపోయిందని అర్థం. స్కానర్ కొనేటప్పుడు "సూట్ లోడ్, అంటే మసి ఎంత నిండిందో, చూపిస్తుందా?" అని తప్పకుండా అడగండి. బీఎస్-6 డీజిల్‌కు నా లెక్కలో అది లేని స్కానర్ సగం స్కానరే.

రీజెనరేషన్ నడుస్తున్నప్పుడు డీపీఎఫ్ లోపల వేడి 600 డిగ్రీల దాకా వెళ్తుంది. ఎండాకాలంలో ఎండుటాకుల మీద, గడ్డి మీద బండి ఆపకండి. చుట్టూ అడవి ఉందని గుర్తుంచుకోండి. చదునైన కంకర నేల చూసి ఆపండి. పచ్చిగడ్డి కూడా వేడికి ఎండిపోతుంది.

మెకానిక్‌తో మాట్లాడే పద్ధతి

స్కానర్ చేతికి రాగానే కొందరికి గొంతు మారిపోతుంది. "ఫోన్‌లో ఇలా ఉంది, నీకేం తెలుసు?" అంటారు. వద్దు. శృంగవరపుకోటలోనో, గాజువాక ఆటోనగర్‌లోనో ముప్పై ఏళ్లుగా చేతులు నల్లబరుచుకున్న మనిషి చెవికి తెలిసేవి మీ యాప్‌కి తెలియవు. ఆ చెవికి మీ అంకెలు తోడైతే పని సగం టైములో అవుతుంది.

ఇలా మొదలుపెట్టండి: "అన్నా, లోడుతో ఎక్కుతుంటే ఈ కోడ్ వచ్చింది. ఫిల్టర్ పోయిన నెల మార్చాను. నీళ్లు లేవు. రైల్ ప్రెజర్ ఇంత దాకా వచ్చి పడిపోతోంది. నువ్వేమంటావు?" ఈ నాలుగు ముక్కలు చెప్పే కస్టమర్‌కు అనవసరమైన పార్టు అమ్మడం ఎవరికైనా కష్టమే.

కొనే రోజు

షాపుకి బండితోనే వెళ్లండి. డబ్బులిచ్చే ముందు అక్కడే ఈ పరీక్షలు పెట్టండి.

1. సాకెట్‌కి పెట్టగానే స్కానర్ వెలగాలి. వెలగకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత స్కానర్‌ని అనుమానించండి.
2. ఛాసిస్ నంబర్ చదవమనండి. చదివితే ఆర్సీతో పోల్చండి. చదవలేదంటే "నా మోడల్‌కి ఎందుకు రాలేదు?" అని అడగండి.
3. ఇంజిన్ స్టార్ట్ చేసి రైల్ ప్రెజర్ పెట్టండి. ఐడిల్‌లో కొన్ని వందల బార్ ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కితే అంకె వెంటనే పెరగాలి. మూడు సెకన్లు ఆలోచించి పెరిగే స్కానర్ ఘాట్‌లో మీకు పనికిరాదు.
4. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. యాప్ తెరుచుకోవాలి, కోడ్ అర్థం చెప్పాలి. ఇంటర్నెట్ లేకపోతే నోరు తెరవని యాప్ టైడా దాటాక మీకు అక్కరకు రాదు.
5. తెలిసిన మెకానిక్ పక్కనుంటే, కీ ఆఫ్ చేసి గాలి సెన్సర్ కనెక్టర్ ఒకటి తీయించండి. కీ ఆన్ చేస్తే కోడ్ రావాలి. మళ్లీ పెట్టి క్లియర్ చేస్తే పోవాలి.

పాసైతే బేరం మొదలుపెట్టండి. బిల్లు, వారంటీ రాయించుకోండి. ఇంటికొచ్చాక డాంగిల్‌ని సాకెట్‌లోనే వదిలేయకండి, రోజుల తరబడి బండి కదలకపోతే బ్యాటరీ దించేస్తుంది. జత చేసేటప్పుడు పిన్ అడిగితే 1234 కొట్టి చూడండి, కాకపోతే 0000.